మొదటియేట తగ్గిన మార్కులు – విదేశ వైద్యవిద్య

కాయలు రాసిపోసి, బస్తాలకెత్తి, అంగడి లెక్కలు తేలిన పిమ్మట బెళుగుప్ప ప్రాంతపు రైతుల యిండ్లలో మాటలు సాధారణముగ మూడు విషయములపైన సాగుచుండును: బాకీలు, పెండ్లిండ్లు, పిల్లల చదువులు. ఈ మూడవదానియందు ఇటీవల ఒక క్రొత్త ప్రశ్న పుట్టినది. "మావాడు ఇంటర్మీడియెటులో బై.పి.సి. చదివినాడు. నీటు పరీక్షలో సీటు రాలేదు. అనంతపురమున బి.యస్సీ.లో చేర్పించితిమి. మొదటి సంవత్సరమున మార్కులు తగ్గినవి, రెండు పేపర్లు తప్పినవి. విదేశమునకు పంపిన డాక్టరగునని యొకరు చెప్పుచున్నారు. పంపవచ్చునా?" పొలముగట్టున విత్తనమునుగూర్చి మాటాడ వచ్చినవారును చివరకు ఈ మాటయే యెత్తుచున్నారు. కావున దీనికి కొంచెము విపులముగ సమాధానము వ్రాయుట యుక్తమని తోచినది.

సంగ్రహముగ ముందే చెప్పెదను. డిగ్రీ మొదటియేట మార్కులు తగ్గుటవలన అనేక విదేశ వైద్యకళాశాలల తలుపులు మూసికొనవు. డబ్బు కట్టినవానిని చేర్చుకొను కళాశాలలు పెక్కు కలవు. అవి ఆ మొదటియేటి సంగతి అడుగనైన అడుగవు. భయపడవలసినది కూడ అదియే. అచట ఎవ్వరును అడుగని ప్రశ్నను ఆరేండ్లకు పిమ్మట, పొలము ఖర్చయిన తరువాత, మనదేశపు అర్హతా పరీక్ష అడుగును. కావున ఆ ప్రశ్నను ఇంటివద్దనే, ఇప్పుడే, తండ్రియే అడిగి జవాబు తెలిసికొనుట మేలు.

మొదటి సంవత్సరము ఎందులకు చెడినది? ఇందుకు కారణము ఒక్కటే యుండదు. మన గ్రామములనుండి పోవు పిల్లలలో పెక్కుమంది పదవతరగతి వరకు, కొందరు ఇంటర్మీడియెటు వరకు, తెలుగున చదివినవారు. మన రాష్ట్రమందలి డిగ్రీ తరగతులను 2021-22 విద్యాసంవత్సరమునుండి ఆంగ్లమాధ్యమమునకు మార్చిరి. తెలుగున కిరణజన్యసంయోగక్రియను చక్కగ వివరింపగల పిల్లవాడు అదే విషయమును ఆంగ్లమున నాలుగు పుటలు వ్రాయుమనినచో కలము పట్టుకొని కూర్చుండును. ఇది తెలివితక్కువ కాదు. ఒక సంవత్సరము శ్రమపడినచో తీరు కొఱత. మఱికొందరు పేరునకు డిగ్రీలో చేరి, మనస్సంతయు నీటు శిక్షణమీదనే పెట్టి, రెంటికిని చెడినవారు. కొందరు వసతిగృహపు తిండి పడక జబ్బుచేసి పరీక్షలు పోగొట్టుకొనినవారు. ఇంటిలో కరువు వచ్చి, వారమునకు మూడు దినములు సేద్యపు పనికి వచ్చిపోవుచుండిన పిల్లలును లేకపోలేదు. మఱికొందరికి జీవశాస్త్రమనిననే యిష్టము లేదు. తండ్రి కోరికచే బై.పి.సి. తీసికొనినారు, ఆ కోరికచేతనే ఇప్పుడు విమానమెక్కబోవుచున్నారు.

మొక్క పసుపుబారినదనగానే ఎరువు వేయుట మనవారిలో పలువురి యలవాటు. ఇనుపధాతువు లోపమా, వేరుకుళ్లా, నీరు నిలిచినదా అని చూచినవారు తక్కువ. పిల్లవాని మార్కుల పత్రమును కూడ అట్లే చూడవలెను. తప్పినవి ఏ పేపర్లు? రసాయనశాస్త్రమా, జంతుశాస్త్రమా, కేవలము ఆంగ్లభాషా పేపరా? మొదటి సెమిస్టరుకంటె రెండవ సెమిస్టరున మార్కులు పెరిగినవా, తగ్గినవా? తప్పిన పేపర్లకు మరల కూర్చున్నాడా, లేక వానిని మరచిపోయి విదేశపు మాట యెత్తుచున్నాడా? రెండవ సెమిస్టరున కోలుకొనినవాడు, తప్పినదానిని తానై దిద్దుకొనినవాడు నమ్మదగినవాడు. కారణము తెలియకుండ స్థలము మార్చినంతమాత్రమున కారణము కూడ వానివెంట పోకుండ ఉండదు.

చదువున వెనుకబడి పిదప విదేశమున వైద్యశాస్త్రమునందు ప్రసిద్ధికెక్కిన తెలుగువారి మాట వచ్చినప్పుడు అందఱును యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు చెప్పుదురు. చెప్పదగినదే. అయితే ఆ కథను సగము మాత్రమే చెప్పుట వాడుక. మిగిలిన సగము మనకెక్కువ పనికివచ్చును.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషను పరీక్షను మొదట తప్పి, మూడవ ప్రయత్నమున చెన్నపట్టణపు హిందూ ఉన్నత పాఠశాలనుండి ఉత్తీర్ణులైరి. పిమ్మట ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియెటు చదివి మద్రాసు వైద్యకళాశాలలో చేరిరి. గాంధీగారి పిలుపు విని ఖద్దరు ధరించుటచే ఒక ఆంగ్లేయ ఆచార్యునికి కోపము కలిగినదనియు, అందుచే వ్రాతపరీక్షలందు చక్కగ వ్రాసినను వారికి ఎం.బి.బి.యస్. పట్టము దక్కక, అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించినదనియు వారి చరిత్రకారులు వ్రాసిరి. మద్రాసు వైద్యశాఖలో ఉద్యోగము దొరకలేదు. ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రము బోధించుచు కాలము గడపిరి. స్ప్రూ అను ప్రేగులజబ్బు వారి కుటుంబమునందే ప్రాణములు తీసెను. తుదకు మామగారి తోడ్పాటుతోను, కాకినాడ యందలి మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మసంస్థ సహాయముతోను అమెరికాలోని బోస్టను నగరమునకు పోయి, హార్వర్డు వారి ఉష్ణమండల వైద్యపాఠశాలలో చేరిరి.

అచట ఎల్.ఎం.ఎస్. పట్టముతో ఆసుపత్రిలో వైద్యుని కొలువు దొరకకపోగా, పొట్టకూటికి ఆసుపత్రిలోనే రాత్రివేళ సేవకుని పని చేసిరి. పగటివేళ చదివిరి. 1925లో ఫిస్కే అను ఆచార్యునితో కలిసి రక్తమందలి భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. (మనము సూపర్ ఫాస్ఫేటు రూపమున శనగచేలకు వేయు భాస్వరమే అది. మొక్కకును మనుష్యునికిని ఆ ధాతువు లేక బ్రదుకు లేదు.) 1930లో హార్వర్డులోనే పి.హెచ్.డి. పొందిరి. అయినను ఆ విశ్వవిద్యాలయమున వారికి శాశ్వతోద్యోగము ఈయలేదు. 1940లో లెడర్లీ ఔషధసంస్థలో చేరిన తరువాత వారి నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము, బోదకాలు మందు మొదలగునవి లోకమునకు లభించినవి. గర్భవతులకు మన ఆరోగ్యకేంద్రములలో ఇచ్చు ఇనుపమాత్రలలో ఆ ఫోలిక్ ఆమ్లమే కలిసియున్నది. 1948లో వారు అమెరికాలోనే మరణించిరి. స్వదేశమునకు మరలి రాలేదు.

ఇందు మనము గమనింపవలసినది ఏమనగా, సుబ్బారావుగారు మెట్రిక్యులేషను తప్పినవెంటనే ఓడ యెక్కలేదు. తప్పిన పరీక్షనే మరల వ్రాసి గెలిచిరి. ఇంటర్మీడియెటు ముగించిరి. తక్కువ పట్టమే యైనను వైద్యపట్టముతోనే బయలుదేరిరి. విదేశమునకు పోవునప్పటికి వారు చేతిలో పనియున్న వైద్యులు. తప్పిన పేపర్లను వెనుక వదలి పారిపోవు పిల్లవానికి వారి పేరు చెప్పి ధైర్యము చెప్పుట వారికే అన్యాయము.

ఇక నేటి విదేశ కళాశాలల సంగతి. ఇంగ్లండు, అమెరికా మొదలగు దేశముల మార్గము మన పిల్లలలో నూటికొకనికైనను అందునది కాదు గనుక త్వరగ ముగించెదను. అమెరికాలో వైద్యకళాశాలలో చేరుటకు ముందు నాలుగేండ్ల పట్టము, ఎంకాట్ అను ప్రవేశపరీక్ష కావలెను. అచట డిగ్రీ ప్రతి సంవత్సరపు మార్కులును చూతురు. మొదటియేడు తగ్గి తరువాతి యేండ్లలో పైకి వచ్చినవానిని గౌరవముతోనే చూతురు గాని, విదేశీయులను చేర్చుకొను కళాశాలలు తక్కువ. ఇంగ్లండునందు వైద్యమునకు దరఖాస్తు అక్టోబరు 15వ తేదీ ప్రాంతమునకే చేరవలెను, నాలుగు వైద్యకళాశాలలకు మించి పెట్టకూడదు, ముందు ఏ కళాశాలలో చదివి మానినను ఆ సంగతి దాచకూడదు. అచట విదేశీయులకు సీట్లు మిక్కిలి తక్కువ, జీతము మిక్కిలి యెక్కువ.

మనవారిని పిలుచుచున్నవి వేఱు దేశములు: రష్యా, జార్జియా, కిర్గిజ్‌స్తాను, కజక్‌స్తాను, ఉజ్బెకిస్తాను, ఫిలిప్పీన్స్ మొదలగునవి. వీనిలో మంచి విశ్వవిద్యాలయములు లేవని యెవ్వరును అనజాలరు. శ్రద్ధగ చదివి వచ్చి మన ఆసుపత్రులలో పేరు తెచ్చుకొనిన వైద్యులు కలరు. అయితే అచట చేరుటకును, ఇచట వైద్యము చేయుటకును నడుమ జాతీయ వైద్యమండలి వారి నియమములు కలవు. 2021 నవంబరులో ప్రకటింపబడిన ఆ నియమములను బాలుడును తండ్రియు కలిసి చదువవలెను. వానిలో ముఖ్యములైనవి ఇవి. విదేశమున వైద్యవిద్య 54 మాసములకు తక్కువ కాకూడదు. అది ఆంగ్లమాధ్యమమున సాగవలెను. చదువు ముగిసిన పిమ్మట అదే సంస్థయందు 12 మాసములు ఆసుపత్రి శిక్షణ పొందవలెను. చదువు మొదలునుండి తుదివరకు ఒకే సంస్థలో జరుగవలెను, నడుమ కళాశాల మార్చరాదు. ఆ దేశపు పౌరునితో సమానముగ ఆ దేశమున వైద్యము చేయుటకు అర్హత గలిగియుండవలెను. చేరిననాటినుండి పదేండ్లలో అంతయు ముగియవలెను. తిరిగివచ్చిన తరువాత ఇచట మరల 12 మాసముల శిక్షణ కలదు.

ఈ నియమములు వచ్చినప్పుడు ఫిలిప్పీన్స్‌కు పోయినవారు చిక్కునపడిరి. అచట ముందొక ప్రాథమిక కోర్సు చదివి, పిమ్మట నాలుగేండ్ల ఎం.డి. చదువుట పద్ధతి. నాలుగేండ్లనగా 48 మాసములు. 54కు ఆరు మాసములు తక్కువ. ఆరు మాసముల కొఱతకు ఎన్ని కుటుంబములు ఎన్ని రాత్రులు నిద్రలేక గడపినవో! కావున ఏ దేశమైనను, వైద్యశాస్త్రమే ఎన్ని మాసములు బోధింతురో, భాషకును ప్రాథమిక పాఠములకును ఎన్ని మాసములు పోవునో, వేరువేరుగ వ్రాయించుకొనవలెను.

విదేశమున చదువబోవువాడు కూడ నీటు పరీక్షలో అర్హుడై యుండవలెనను నియమము 2018లో వచ్చినది. ఆ ఫలితము విదేశ ప్రవేశమునకు మూడేండ్లు చెల్లును. డిగ్రీ చదువుచున్నవాడును నీటు వ్రాయవచ్చును. ఇన్నిమార్లే వ్రాయవలెనను హద్దు లేదు. గరిష్ఠ వయోపరిమితిని 2022లో తీసివేసిరి. తెలుగున కూడ వ్రాయవచ్చును. ఇంటర్మీడియెటు భౌతిక, రసాయన, జీవశాస్త్రములలో సాధారణ వర్గమువారికి నూటికి 50, రిజర్వేషను గలవారికి 40 మార్కులుండవలెను. ఇందెక్కడను డిగ్రీ మొదటి సంవత్సరపు మార్కుల ప్రసక్తి లేదు. తప్పిన పేపర్లు నీటునకు అడ్డు రావు.

ఇంతవరకు విని సంతోషించు తండ్రులు తరువాతి మాట కూడ వినవలెను. నీటులో "అర్హత" యనునది మిక్కిలి చిన్న మెట్టు. 2023లో సాధారణ వర్గమువారికి 720 మార్కులలో 137 వచ్చినను అర్హతయే. అనగా అయిదవవంతు కూడ లేదు. ఆ మార్కులతో మనదేశమున సర్కారు కళాశాలలో సీటు కలలోనిమాట. విదేశమున సులభముగ దొరకును. దళారి "నీటు అర్హత కలదు గదా" యని భుజము తట్టును. కాని ఇంటర్మీడియెటు పాఠములలో అయిదవవంతు తెలిసినవాడు పరాయిభాష నడుమ, మంచుదేశమున, ఆరేండ్లు వైద్యశాస్త్రము ఎట్లు మోయగలడు? అర్హత మెట్టు దాటినాడని గాక, అందులో సగము మార్కులకైనను చేరువకు వచ్చినాడాయని చూడవలెనని నా అభిప్రాయము. మొదటిమారు 150 వచ్చి, మరుసటియేడు శ్రమచేసి 350 తెచ్చుకొనినవానిని గూర్చి నాకు నమ్మకము కలదు. డిగ్రీలో మొదటియేడు చెడినను వాడు తేరుకొనినాడని దానివలన తెలియును.

ఎందుకనగా, అసలు పరీక్ష తిరిగివచ్చిన తరువాతనే. విదేశ వైద్యపట్టము తెచ్చినవారికి 2002 నుండి ఒక అర్హతా పరీక్ష పెట్టుచున్నారు. దానిని ఎఫ్.ఎం.జి.ఇ. అందురు. సంవత్సరమునకు రెండుమారులు జరుగును. ఒకేదినమున 300 ప్రశ్నలు, అందు 150 సరియైనచో ఉత్తీర్ణత. తప్పు జవాబునకు మార్కులు తీసివేయరు. వినుటకిది సులభముగనే యున్నది. అయినను 2023లో రెండు విడతలకు కూర్చున్నవారిలో నూటికి సుమారు 17 మంది మాత్రమే గెలిచిరి. 2024లో కొంత మెరుగుపడినను నూటికి ముప్పదికి చేరలేదు. ఎన్నిమారులైనను వ్రాయవచ్చును గనుక రెండవమారు, నాలుగవమారు గెలుచువారు కలరు. ఆ నడిమికాలమున వారి చేతిలో పట్టముండును, పేరుకు ముందు డాక్టరనియుండును, మందుచీటి వ్రాయు హక్కు మాత్రముండదు. 2019 నాటి చట్టమున దీనికి బదులుగ నెక్స్ట్ అను పరీక్ష పెట్టవలెనని వ్రాసిరి. దేశములోని వైద్యవిద్యార్థులకును అదియే యగును.

నీటు తెలుగున వ్రాయవచ్చునంటిని. ఈ పరీక్ష ఆంగ్లముననే జరుగును. డిగ్రీ మొదటియేట ఆంగ్లముచే చతికిలబడిన పిల్లవాడు ఆ కొఱతను తీర్చుకొనకయే విమానమెక్కినచో, ఆరేండ్లకు అదే రాయి మరల కాలికి తగులును. నడుమ మఱియొక భాష కూడ చేరును. పుస్తకము ఆంగ్లమున నున్నను రోగి ఆంగ్లమున మాటాడడు. బిష్కెక్ ఆసుపత్రిలో ముసలమ్మ తన కడుపునొప్పిని రష్యా భాషలోనో కిర్గిజ్ భాషలోనో చెప్పుకొనును. ఆ భాష నేర్వనివాడు మంచము ప్రక్కన నిలుచుండి చూచును గాని వైద్యము నేర్వడు. మన ప్రాంతమున చేనిలో పాముకాటు, ఫ్లోరిను నీటివలన వంగిన కాళ్లు, మలేరియా, డెంగీ సాధారణము. చలిదేశపు ఆసుపత్రులలో ఇవి అరుదు. కావున సెలవులకు ఇంటికి వచ్చినప్పుడెల్ల పెద్దాసుపత్రిలో వైద్యుల యనుమతితో పని చూచు పిల్లవాడు బాగుపడును.

దైవికముగ వచ్చు ఆపదలను కూడ తలచుకొనవలెను. కరోనా వ్యాధి కాలమున, 2020 నుండి 2022 వరకు, చైనాలో చదువు మనవారు తిరిగి కళాశాలకు పోలేక ఇంటివద్ద చరవాణిలో పాఠములు వినిరి. చరవాణిలో శవపరీక్ష నేర్వగలవా? 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయినుపై దండెత్తగా వేలకొలది భారతీయ విద్యార్థులు సరిహద్దులవరకు నడచి, ప్రభుత్వపు విమానములలో ఇల్లు చేరిరి. ఒకే సంస్థలో చదువు ముగింపవలెనను నియమమునకు వారి విషయమున ప్రత్యేకముగ సడలింపు ఈయవలసి వచ్చినది. 2024 మే మాసమున బిష్కెక్‌లో మూకలు విదేశ విద్యార్థుల వసతిగృహములమీద పడినవి. ఇవి యెవ్వరు ముందు చెప్పగలవి కావు. అయినను మన రాయబార కార్యాలయములు విద్యార్థులకు అప్పుడప్పుడు హెచ్చరికలు ప్రకటించుచుండును. ఏ దేశమైనను వానిని ముందు చదివి, సందేహమున్న ఆ కార్యాలయమునకే వ్రాసి అడుగుట మంచిది.

ఈ మండలపు రైతు ఒకరు నాకొక రంగుల కాగితము చూపిరి. మంచుకొండలు, ఎత్తైన మేడ, తెల్లకోటు తొడిగిన పిల్లలు అందు ముద్రింపబడియుండిరి. క్రింద "జాతీయ వైద్యమండలి ఆమోదించిన కళాశాల" యని వ్రాసియున్నది. ఆ మండలి ఏ విదేశ కళాశాలకును ఆమోదపు జాబితా ప్రకటింపదు. నియమములు మాత్రము చెప్పి, వానికి సరిపోవునో లేదో మీరే చూచుకొనుడనును. కావున ఆ ఒక్క వాక్యముచేతనే కాగితపు విలువ తెలియుచున్నది. ఖర్చు అనుచోట మొదటి సంవత్సరపు సొమ్ము మాత్రమే వ్రాసిరి. మిగిలిన యేండ్లది లేదు, భోజనము లేదు, వైద్యబీమా లేదు, రాకపోకల ఖర్చు లేదు, తిరిగివచ్చిన తరువాత అర్హతా పరీక్షకు శిక్షణ ఖర్చు లేదు. ఆ రైతు అడుగవలసిన ప్రశ్న ఒకటే: గత అయిదేండ్లలో ఆ కళాశాలనుండి వచ్చిన మనవారిలో ఎంతమంది ఎఫ్.ఎం.జి.ఇ. గెలిచిరి? కళాశాలల వారీ లెక్కలను పరీక్షల మండలి ప్రకటించుచున్నది. దళారిని అడుగ నక్కరలేదు.

మొదటియేటి మార్కులను దరఖాస్తులో దాచవచ్చునా యని పిల్లలు అడుగుచున్నారు. దాచకూడదు. అడుగనిచో చెప్పనక్కరలేదు గాని, అడిగినచో ఉన్నదున్నట్లు వ్రాయవలెను. ఇంటర్మీడియెటు ముగిసిన సంవత్సరమునకును దరఖాస్తు సంవత్సరమునకును నడుమ ఖాళీ కనబడినప్పుడు ప్రవేశమున గాని, వీసాకడ గాని అడుగుదురు. "ఆంగ్లమాధ్యమమునకు అలవాటుపడక రెండు పేపర్లు తప్పితిని, మరుసటి విడత గెలిచితిని" యను రెండు పంక్తులు చాలును. ఎవరిమీదను నింద వేయనక్కరలేదు. దాచి పట్టుబడినవాడు మార్కులవలన గాక అబద్ధమువలన చెడును. మఱియొక చిక్కు కలదు. పదవతరగతి, ఇంటర్మీడియెటు అసలు పత్రములు డిగ్రీ కళాశాలలో ఉండిపోవుచున్నవి. వానిని నిలుపుకొనరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2018లో కళాశాలలకు ఆదేశించినది. అయినను పోయి అడిగి తెచ్చుకొను ఓపిక తండ్రికే యుండవలెను. టి.సి. తీసికొనుటకు ముందు మాత్రము ఒకటికి రెండుమారులు ఆలోచింపుడు. నీటు ఫలితము రాకముందే డిగ్రీ మానినవానికి రెండు గట్లును దూరమగును.

డబ్బు మాటకు వత్తము. బ్యాంకుల నమూనా విద్యారుణ పథకమున 7 లక్షల 50 వేల వరకు ఆస్తి తాకట్టు లేకుండ ఇత్తురు. అంతకు మించినచో ఆస్తి చూపవలెను. మన ఆస్తి పొలము. అయితే బ్యాంకులు కోర్టునకు పోకుండ తాకట్టును స్వాధీనము చేసికొను 2002 నాటి చట్టము వ్యవసాయభూమికి వర్తింపదు. అది రైతునకు రక్షణయే. కాని ఆ కారణముచేతనే విద్యారుణమునకు పొలమును హామీగ తీసికొనుటకు బ్యాంకులు వెనుకాడును, పట్టణములో ఇల్లున్నదాయని అడుగును. ఇల్లు లేని రైతు వడ్డీవ్యాపారి గడప త్రొక్కును, లేదా ఎకరములు అమ్మును. మనదేశమున చదువువారికి కేంద్రప్రభుత్వము ఇచ్చు విద్యారుణ వడ్డీ రాయితీ విదేశమున చదువువారికి లేదు.

లెక్క వేసి చూతము. ఏటికి 4 లక్షల చొప్పున అయిదేండ్లు 20 లక్షలు అప్పు తెచ్చితిరనుకొనుడు. వడ్డీ నూటికి 10. చక్రవడ్డీ లేకనే లెక్కించినను ఆరవయేటి చివరకు వడ్డీ 8 లక్షలగును. మొత్తము 28 లక్షలు. బ్యాంకువారు చదువు ముగిసిన తరువాత సాధారణముగ ఒక సంవత్సరము గడువిచ్చి వాయిదాలు మొదలుపెట్టుదురు. ఆ సంవత్సరమంతయు మనవాడు అర్హతా పరీక్షకు చదువుచుండును. అది గెలిచిన తరువాత మరల ఒక సంవత్సరము శిక్షణ. అనగా వైద్యునిగ మొదటి సంపాదన చేతికి రాకముందే వాయిదాలు వచ్చును. ఇంకొకటి, జీతము డాలర్లలో కట్టవలెను. 2014లో డాలరు సుమారు 60 రూపాయలు. 2024 నాటికి 83 దాటినది. 4 వేల డాలర్ల జీతము అక్కడ పైసా పెరుగకున్నను ఇచట 2 లక్షల 40 వేలనుండి 3 లక్షల 30 వేలు దాటెను.

సహకార సంఘమున తెచ్చిన పంటరుణమును జీతమునకు మళ్లించువారిని గూర్చి ఒక మాట. కాలమునకు చెల్లించిన రైతునకు 3 లక్షలవరకు పంటరుణముపైన కేంద్రపు రాయితీచే నూటికి 4 మాత్రమే వడ్డీ పడును. ఆ సొమ్ము విదేశమునకు పోయినచో చేనికి విత్తనము లేదు, కాలమునకు చెల్లింపు లేదు, రాయితీయు లేదు. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానమీద బ్రదుకు జిల్లాలో, జీడిపల్లి జలాశయమునకు నీరు చేరినను కాలువ అందని మెట్టచేలే యెక్కువగ గల మండలములో, ఒక పంట ఎండినంతమాత్రమున రెండవయేటి జీతము ఆగిపోవును. నడుమ ఆగిన వైద్యవిద్యకు విలువ లేదు.

పిల్లవానికి జీవశాస్త్రమునందు ప్రీతి యుండి నీటు మాత్రమే అందకున్నచో, ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయమున బి.యస్సీ. వ్యవసాయమునకు రైతుబిడ్డల కోటా కలదు. పశువైద్యము కలదు. నర్సింగు, ఫార్మసీ, ప్రయోగశాల సాంకేతిక విద్యలు కలవు. వీనిని ఓడినవారి చదువులని తలచుట మన పొరపాటు. గొఱ్ఱెల మందలున్న యీ సీమకు పశువైద్యుడు తక్కువవాడా?

కాలక్రమము కూడ చెప్పి ముగించెదను. నీటు దరఖాస్తులు సాధారణముగ ఫిబ్రవరి, మార్చి మాసములలో తీసికొందురు. పరీక్ష మే మొదటి ఆదివారము ప్రాంతమున, ఫలితము జూన్ మాసమున వచ్చును. విదేశ కళాశాలలు సెప్టెంబరు, అక్టోబరులలో తెరచును గనుక మొదటి జీతమును జులై, ఆగస్టులలో అడుగుదురు. మనకు శనగ విత్తుట జూన్, జులై. పంట చేతికి వచ్చుట అక్టోబరు, నవంబరు. ఇంటిలో విత్తనపు డబ్బు తప్ప మఱేమియు ఉండని మాసములలోనే దళారి "రేపటితో సీట్లు అయిపోవును, నేడే అడ్వాన్సు కట్టుడు" అని తొందరపెట్టును. ఆ కళాశాలలలో కొన్నింట ఫిబ్రవరి, మార్చిలో కూడ మరల ప్రవేశము జరుగును. అప్పటికి కాయలు అమ్ముడుపోయి, బాకీలు తేలి, పిల్లవాని సెమిస్టరు ఫలితములు కూడ చేతికి వచ్చియుండును.